స్కానర్ తిరగని జాగా



విశాఖపట్నంలో రిఫైనరీ పక్క రోడ్డు మీదో, కాకినాడ రేవు వైపో వెళ్ళినప్పుడు వరసగా నిలబడ్డ తెల్లటి గుండ్రటి ట్యాంకులు మీరు చూసే ఉంటారు. ముడిచమురు, డీజిలు, పెట్రోలు, పామాయిలు, ఒక్కోదాంట్లో లక్షల లీటర్ల సరుకు. ఆ ట్యాంకు గోడ కనిపిస్తుంది, పైకప్పు కనిపిస్తుంది, చుట్టూ తిరిగి పైకి పోయే మెట్లు కనిపిస్తాయి. అడుగు మాత్రం కనిపించదు. పైన సరుకు, కింద ఇసుక పరుపు, మధ్యలో ఉక్కు పలకలు. చాలా ట్యాంకుల్లో ఆ పలకల మందం 6 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. సరుకు బరువంతా చివరికి నేలే మోస్తుంది. పలక పనల్లా ఆ సరుకు నేలలోకి దిగకుండా ఆపడం.

ఈ పూట నేను చెప్పబోయేది ఆ అడుగు పలకల తుప్పును పసిగట్టే అయస్కాంత స్కానర్ గురించి. దాన్ని తోసే కుర్రవాళ్ళకూ, దాని రిపోర్టు కింద సంతకం పెట్టే ఇంజనీర్లకూ, ఆ ట్యాంకుల చుట్టుపక్కల బోరు నీళ్ళు తాగే జనానికీ కూడా ఈ సంగతులు తెలియాలని నా కోరిక.

ముందుగా, అడుగు పోతే ఏమవుతుందో చెబుతాను. 2014 జనవరి 9న అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రపు రాజధాని చార్లెస్టన్‌లో జనానికి పొద్దున్నే గాలిలో అతిమధురం వాసన తగిలింది. ఎల్క్ నది ఒడ్డున ఉన్న ఒక డిపోలో, బొగ్గు కడగడానికి వాడే రసాయనం ట్యాంకు అడుగు నుంచి కారి నదిలో కలిసింది. ఆ దిగువనే ఊరికి మంచినీళ్ళు తోడే పంపులున్నాయి. తొమ్మిది కౌంటీల్లో సుమారు 3 లక్షల మందికి కుళాయి నీళ్ళు తాగొద్దు, వంటకు వాడొద్దు, ఒంటిమీద పోసుకోవద్దు అని ఆజ్ఞ వచ్చింది. తర్వాత దర్యాప్తు చేసినవాళ్ళు ట్యాంకు కోసి చూస్తే, అడుగున రెండు చిన్న రంధ్రాలు. పెద్దది కూడా అంగుళం లేదు. లోపలివైపు నుంచి తుప్పు గుంటగా దిగి దిగి పలకను తొలిచేసింది.

అంతకు ముందు, 2005 అక్టోబరు 25న, బెల్జియంలో ఆంట్వెర్ప్ దగ్గర కాలో అనే చోట ఇంకో రకంగా జరిగింది. ముడిచమురు ట్యాంకు అడుగున, గోడకు దగ్గర్లో, నీళ్ళు నిలిచిన పల్లంలో తుప్పు ఒక గాడిలా పొడుగునా తినేసింది. అది చినుకు చినుకుగా కారలేదు. ఒక్కసారిగా తెగింది. దాదాపు 37 వేల ఘనపు మీటర్ల చమురు సుమారు పావుగంటలో బయటికి వచ్చేసింది. చుట్టూ కట్టిన కట్ట ఉండబట్టి చాలా వరకు అక్కడ ఆగింది.

ఒక చోట చిన్న రంధ్రం, ఇంకో చోట పొడుగాటి గాడి. రెండూ సరుకు కింద దాక్కుని పెరిగినవే.

అడుగు పలక రెండు వైపుల నుంచీ తుప్పు పడుతుంది. లోపలివైపు, సరుకుతో వచ్చిన నీరు కిందికి దిగి అడుగున నిలుస్తుంది. ఆ నీటిలో ఉప్పు ఉంటుంది, దాని మీద మడ్డి పేరుకుంటుంది, మడ్డి కింద గాలి సోకని చోట గంధకంతో బతికే సూక్ష్మజీవులు చేరతాయి. బయటివైపు కథ వేరు. పరిచిన ఇసుకలో ఉప్పు ఉన్నా, ఇసుక మధ్య ఒక బంకమట్టి గడ్డ పలకకు అంటుకుని ఉండిపోయినా, గోడ అంచు కింద నుంచి వాననీరు లోపలికి ఎక్కినా, ఆ చోట తుప్పు మొదలవుతుంది. సముద్రపు గాలి తగిలే మన తీరంలో ఈ రెండోది ఎక్కువ కలవరపెట్టే సంగతి. ఎందుకంటే లోపలి గుంటను ట్యాంకు ఖాళీ చేసి దీపం పట్టుకుని వంగి చూడొచ్చు. కింది వైపు గుంటను పలక ఎత్తకుండా ఏ కన్నూ చూడలేదు.

అల్ట్రాసోనిక్ పరికరంతో మందం కొలవొచ్చు కదా అంటారు. కొలవొచ్చు. కానీ ఆ ప్రోబు తాకిన చోటు మందమే అది చెబుతుంది, చెయ్యెడు దూరంలో ఏముందో చెప్పదు. 30 మీటర్ల వ్యాసం ఉన్న ట్యాంకు అడుగు 700 చదరపు మీటర్లు దాటుతుంది. పలకకు నాలుగైదు చోట్ల ప్రోబు పెట్టి, అన్నీ 5.8 మిల్లీమీటర్లు వచ్చాయి, అడుగు బాగుంది అని రాసిన రిపోర్టులు ఒకప్పుడు మామూలే. ఆ నాలుగైదు చోట్లు బాగున్నాయని మాత్రమే దానర్థం.

అక్కడే అయస్కాంతం అక్కరకొచ్చింది. స్కానర్ అంటే చక్రాల మీద నడిచే ఒక బరువైన బండి. కింద రెండు బలమైన అయస్కాంత ధ్రువాలు, వాటి నడుమ పలకకు ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎత్తులో సెన్సార్ల వరస, వెనక పట్టుకుని తోసే పిడి, పిడి మీద తెర. ఒక ధ్రువం నుంచి బయల్దేరిన అయస్కాంత ప్రవాహం పలకలోకి దిగి, దాని గుండా పారి, రెండో ధ్రువంలోకి ఎక్కుతుంది. పలకను ఇంక పట్టనంతగా నింపేస్తారు. అంచుల దాకా నిండుగా పారే కాలువ ఒక చోట పూడుకుపోతే నీరు గట్టు మీదుగా పొంగినట్టు, ఉక్కు తరిగిపోయిన చోట ఆ ప్రవాహం పలకలో పట్టక బయటికి పొంగుతుంది. గుంట పైన ఉన్నా కింద ఉన్నా పొంగుతుంది. ఆ పొంగును సెన్సార్లు పసిగడతాయి.

ఈ పద్ధతిని ఇంగ్లీషులో మాగ్నెటిక్ ఫ్లక్స్ లీకేజ్ అంటారు, పని చేసేవాళ్ళం ఎంఎఫ్ఎల్ అంటాం. సెన్సార్లలో ఎక్కువగా వాడేది హాల్ సెన్సారు. 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికన్ పరిశోధక విద్యార్థి కనుగొన్న సూత్రం మీద అది పనిచేస్తుంది. ఇక అయస్కాంతం సంగతి. 1980ల మొదట్లో జపానులోనూ అమెరికాలోనూ విడివిడిగా తయారైన నియోడిమియం, ఇనుము, బోరాన్ మిశ్రమం వచ్చాక, కరెంటు చుట్టల అవసరం లేకుండా, మనిషి తోయగలిగే బరువులో ఇంత బలం కుదిరింది. బ్రిటన్‌లోని స్వాన్సీలో మొదలైన సిల్వర్‌వింగ్ వంటి కంపెనీలు దీన్ని ట్యాంకు అడుగులకు తగిన యంత్రంగా తీర్చిదిద్దాయి.

ఈ యంత్రం గురించి అందరికంటే ముందు దాని ఆపరేటరు తెలుసుకోవలసింది ఒకటుంది. అది మందం కొలవదు. ఎంత లోహం పోయిందో అన్నదానికి స్పందిస్తుంది, ఎంత లోతు పోయిందో అన్నదానికి కాదు. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న గుంట పెద్ద సంకేతం ఇవ్వొచ్చు. సన్నగా, నిట్టనిలువుగా పలకను దాదాపు తొలిచేసిన గుంట చిన్న సంకేతం ఇచ్చి ఊరుకోవచ్చు. రెంటిలో భయపడవలసింది రెండోదానికి. అందుకే స్కానర్ చూపిన ప్రతి అనుమానపు చోటా సుద్దతో గుర్తుపెట్టి, అల్ట్రాసోనిక్ ప్రోబుతో వెతికి, మిగిలిన మందం ఎంతో అంకెగా రాయాలి. స్కానర్ పిలుస్తుంది, ప్రోబు లెక్క చెబుతుంది. తెర మీద రంగు చూసి, ఇది 40 శాతం లోతు అని నేరుగా రిపోర్టులో రాసేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. అది మానాలి.

ఇప్పుడు ట్యాంకు లోపలికి దిగుదాం. దిగే ముందు ఒక్క మాట. 2023 ఫిబ్రవరిలో కాకినాడ జిల్లా పెద్దాపురం మండలం రాగంపేటలో, ఒక నూనెల కర్మాగారంలో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన ఏడుగురు కూలీలు ఊపిరాడక చనిపోయారు. అది పెట్రోలు ట్యాంకు కాదు, వంటనూనెది. అందుకే గ్యాస్ టెస్టు కాగితం చేతికి రాకుండా మ్యాన్‌హోల్‌లో తల పెట్టకండి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, 23.5 దాటకూడదు. పేలుడు వాయువు ఉండకూడదు. బయట ఒక మనిషి కదలకుండా నిలబడి ఉండాలి, మీరు పలక్కపోతే తను లోపలికి దూకకుండా, సాయం పిలిచే మనిషి. లోపలికి తీసుకెళ్ళే చేతి దీపం 24 వోల్టులు మించకూడదని మన చట్టమే చెబుతోంది. స్కానర్లో బ్యాటరీ ఉంది, కంప్యూటరు ఉంది. చాలా స్కానర్లు పేలుడు వాయువుల మధ్య వాడటానికి చేసినవి కావు. పొద్దున తీసిన గ్యాస్ రీడింగు మధ్యాహ్నానికి పనికిరాదు. మడ్డి మిగిలిన చోట ఎండ తగిలే కొద్దీ ఆవిరి మళ్ళీ లేస్తుంది. ఇంకొకటి, గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్నవాళ్ళు ఈ యంత్రం దగ్గరికి రాకూడదు. మ్యాన్‌హోల్ బయట బోర్డు పెట్టాలి.

తర్వాత శుభ్రం. మా వృత్తిలో పోట్లాటలన్నీ ఇక్కడే వస్తాయి. ట్యాంకు కడిగించే కాంట్రాక్టరు, నీళ్ళు కొట్టించాం, చాలు అంటాడు. చాలదు. పలక మీద రేకులు రేకులుగా లేచిన తుప్పు పొర ఉంటే సెన్సారు పైకి లేస్తుంది, సంకేతం పడిపోతుంది. పొర కింద ఉన్న గుంట కనిపించకుండా పోతుంది. పైగా రాలిన తుప్పు రజను అంతా అయస్కాంతం లాక్కుని తన కిందే కూడేసుకుంటుంది. వెల్డింగు చేసినప్పుడు చిందిన ఉక్కు చుక్కలు చక్రాల కింద పడి బండి ఎగిరితే తెర మీద లేని గుంటలు పుడతాయి. కాబట్టి గీకించి, ఊడ్పించి, అవసరమైతే గ్రిట్ బ్లాస్టింగు చేయించి, పలక ఆరాకే స్కానర్ దించాలి. ఆ ఒక్క రోజు ఆలస్యానికి ఒప్పుకోని మేనేజరు స్కానింగుకు పెట్టే డబ్బు దండగే.

అన్నిటికంటే నేను ఎక్కువ సేపు నిలబడేది రెఫరెన్స్ ప్లేటు దగ్గర. ట్యాంకు అడుగు ఎంత మందమో అంతే మందం ఉన్న, అదే రకం ఉక్కు పలక. దాని ఒక వైపు 20, 40, 60, 80 శాతం లోతుతో కావాలని చేసిన గుంటలు ఉంటాయి. గుంటలున్న వైపు కిందికి తిప్పి, పై నుంచి స్కానర్ నడపాలి. 8 మిల్లీమీటర్ల ట్యాంకుకు 6 మిల్లీమీటర్ల ప్లేటు తెచ్చి సరిపెట్టుకోవడం కుదరదు. పలక మందమయ్యే కొద్దీ దాన్ని నింపడానికి అయస్కాంతం బలం చాలదు, అదే గుంట చిన్నగా కనిపిస్తుంది. ట్యాంకు అడుగున ఫైబర్‌గ్లాస్ పూత ఉంటే, అంతే మందం ప్లాస్టిక్ పలకను రెఫరెన్స్ ప్లేటు మీద పరిచి అప్పుడు సరిచూడాలి. పొద్దున మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, భోజనం తర్వాత ఒకసారి, బ్యాటరీ మార్చాక ఒకసారి, సాయంత్రం ఆపే ముందు ఒకసారి. ప్రతిసారీ అన్ని సెన్సార్లకూ ఆ గుంటలు కనబడ్డాయో లేదో పుస్తకంలో రాయాలి. సాయంత్రం ఒక సెన్సారు మూగపోయి కనిపిస్తే, మధ్యాహ్నం నుంచి చేసిందంతా మళ్ళీ చేయాల్సిందే. ఎవరికీ ఇష్టముండదు. కానీ ఆ సెన్సారు ఎప్పుడు చచ్చిందో చెప్పగలిగేవాళ్ళెవరు?

ఇక తోయడం. ప్రతి పలకకూ నంబరు రాయండి. బండి ఎటు నుంచి ఎటు నడిచిందో బాణం గుర్తు వేయండి. ఒక వరసకూ పక్క వరసకూ కొంత మేర కలిసేలా చూడండి, లేకపోతే మధ్యలో సన్నటి పట్టీ మిగిలిపోతుంది. వేగం ఒకేలా ఉండాలి. పలకలో అయస్కాంతం వేగంగా కదిలితే సుడి కరెంట్లు పుట్టి సంకేతాన్ని చెదరగొడతాయి. మోటారు ఉన్న బండి వేగాన్ని నిలబెడుతుంది. చేత్తో తోసే బండి మాత్రం మనిషి ఒంట్లో సత్తువ మీద ఆధారపడుతుంది. మే నెలలో విశాఖలో ఇనుప ట్యాంకు లోపల గంటసేపు తోసిన మనిషి రెండో గంటలో అంతే శ్రద్ధగా తోయలేడు. ఆపరేటర్లను గంట గంటకూ మార్చడం, నీళ్ళు ఇవ్వడం దయాదాక్షిణ్యం కింద లెక్కవేస్తారు కొందరు. నా దృష్టిలో అది రీడింగు నాణ్యతలో భాగం.

బండి పోషణ గురించి కొంచెం. అయస్కాంతం చుట్టూ పట్టిన రజను ప్రతి వరస చివరా తీసేయాలి. ఉక్కు పారతో కాదు, చెక్క ముక్కతోనో ఇత్తడి రేకుతోనో గీకి, అంటుకునే టేపుతో లాగేయాలి. సెన్సార్ల కింద ఉండే రక్షక పలక అరిగిందేమో వేలితో తడిమి చూడాలి. చక్రాలు అరిగితే బండి కిందికి దిగుతుంది, పలకకూ సెన్సారుకూ మధ్య దూరం మారిపోతుంది. ఒక చక్రమే అరిగితే ఇంకా కష్టం, ఒక వైపు సెన్సార్లు ఒక మాట, ఇంకో వైపువి ఇంకో మాట చెబుతాయి. దూరం లెక్కపెట్టే చక్రానికి జిడ్డు అంటి జారితే, మ్యాపులో గుంట ఒక చోట, పలక మీద గుంట ఇంకో చోట తేలతాయి. కేబుళ్ళు తరచూ మ్యాన్‌హోల్ అంచు దగ్గరే తెగుతాయి, అక్కడ రబ్బరు ముక్క కట్టండి. నియోడిమియం గట్టిది గానీ పెళుసు. కింద పడేస్తే చిట్లుతుంది. మామూలు రకాలు 80 డిగ్రీల వేడి దాటితే బలం కోల్పోవడం మొదలుపెడతాయి, చల్లారాక అది పూర్తిగా తిరిగి రాదు. స్టీము లైన్ల పక్కన పెట్టకండి. పని అయ్యాక ధ్రువాల మీద మూత పలక వేసి, పెట్టెలో పెట్టి తాళం వేయాలి. బండిని పలక మీద నుంచి లేపేటప్పుడు చేతులు అడ్డం పెట్టకూడదు. కొన్నిటికి ఎత్తే లీవరు ఉంటుంది, లేనివాటిని చెక్క మీదికి ఎక్కించి తీయాలి. ఆ లాగుడుకు వేళ్ళు నలిగినవాళ్ళు ఈ వృత్తిలో చాలామంది ఉన్నారు.

స్కానింగు అయ్యాక ఇంకో చిక్కు ఉంది, చాలామంది వెల్డర్లకు కూడా కారణం తెలియదు. పలకలో కొంత అయస్కాంతత్వం మిగిలిపోతుంది. తర్వాత అక్కడ గుంట మీద ఉక్కు ముక్క అతికి ప్యాచ్ వేయబోతే వెల్డింగు ఆర్క్ ఒక పక్కకు ఈడ్చుకుపోతుంది. వెల్డరు తన రాడ్డునూ మెషిన్నూ తిట్టుకుంటాడు. స్కాన్ చేసిన ట్యాంకు అని ముందే చెప్పి, ఆ అయస్కాంతత్వాన్ని పోగొట్టే ఏర్పాటు చేసుకోవాలి.

ఇంత శ్రద్ధగా చేసినా, స్కానర్ తిరగని జాగా మిగులుతుంది. దాని గురించి చెప్పడానికే ముఖ్యంగా ఈ మైకు ముందు కూర్చున్నాను. బండి గోడకు ఆనుకుని పోలేదు. కానీ గోడకు లోపలివైపు మొదటి మూడు అంగుళాలనే, అమెరికన్ పెట్రోలియం సంస్థ వారి 653 ప్రమాణం, అన్నిటికంటే కీలకమైన పట్టీగా లెక్కిస్తుంది. పలక మీద పలక ఎక్కిన వెల్డింగు అంచుల దగ్గర బండి ఎగురుతుంది. పైకప్పు మోసే స్తంభాల పాదాల కింద, వేడిచేసే గొట్టాల కింద, నీళ్ళు తీసే గుంటలో, పాత ప్యాచ్‌ల కింద అది చూడలేదు. కాలోలో తెగింది గోడకు దగ్గర్లోనే అని ముందు చెప్పాను. నీరు చేరేదీ, మడ్డి మిగిలేదీ తరచూ అలాంటి చోట్లనే. యంత్రం వెళ్ళలేని చోటికే తుప్పు ఇష్టంగా వెళుతుందన్నమాట.

ఇది ఎందుకు ముఖ్యమో ఒక లెక్క చెబుతాను, కాగితం అక్కర్లేదు. అడుగు పలక 6 మిల్లీమీటర్లు, ట్యాంకు వయసు 12 ఏళ్ళు అనుకుందాం. స్కానర్ పట్టిన లోతైన గుంట 1.8 మిల్లీమీటర్లు. అంటే ఏడాదికి 0.15 చొప్పున తింటోంది, 4.2 మిగిలింది. కింద కారుడును పట్టే, ఆపే ఏర్పాటు లేని ట్యాంకుకు, మళ్ళీ తెరిచే నాటికి పలక 2.5 మిల్లీమీటర్లకు తగ్గకూడదని ఆ ప్రమాణం చెబుతుంది. కనుక 1.7 మిల్లీమీటర్లు తినడానికి పదకొండేళ్ళు పైనే పడుతుంది. మేనేజరు సంతోషిస్తాడు. ఇప్పుడు స్కానర్ తిరగని ఒక పాత ప్యాచ్ అంచున 3 మిల్లీమీటర్ల గుంట ఉందనుకోండి. ఏడాదికి 0.25 పోతోంది. మిగిలింది 3, అనుమతించిన హద్దు దాకా ఉన్నది అర మిల్లీమీటరు. రెండేళ్ళు. అదే ట్యాంకు, అదే రోజు, అదే యంత్రం. ఒక్క గుంట కనబడకపోవడం వల్ల రెండేళ్ళు పదకొండేళ్ళయ్యాయి.

అందుకే రిపోర్టులో రంగురంగుల మ్యాపు ఎంత అందంగా ఉన్నా, నేను ముందు వెతికేది ఖాళీ చోట్ల కోసం. స్కాన్ చేయని ప్రతి జాగానూ మ్యాపులో విడిగా గీత గీసి చూపాలి. ఎందుకు చేయలేదో రాయాలి. దాన్ని తర్వాత ఎలా చూశారో రాయాలి. చేతితో నడిపే చిన్న స్కానరా, అల్ట్రాసోనిక్ ప్రోబుతో దగ్గర దగ్గరగా గీసిన గళ్ళా, వెల్డింగుల మీద గాలి లాగి కారుడు చూసే వాక్యూమ్ బాక్స్ పరీక్షా, ప్యాచ్ కోసి చూడటమా అన్నది. ఖాళీ చోటే లేని మ్యాపు ఎవరైనా ఇస్తే దాన్ని నమ్మకండి. అలాంటి ట్యాంకు నేను చూడలేదు.

మన జిల్లాల నుంచి ఎందరో కుర్రవాళ్ళు ఐటీఐ, డిప్లొమా చదివి, వస్తువును పాడుచేయకుండా పరీక్షించే పనికి ఇచ్చే ఎన్‌డీటీ లెవెల్ టూ సర్టిఫికెట్టు తీసుకుని జుబైల్, రువైస్, జామ్‌నగర్ లాంటి రిఫైనరీ ఊళ్ళకు ఈ పనికి వెళుతున్నారు. మీ పిల్లలు ఆ దారిలో ఉంటే ఈ సంగతి చెప్పండి. సర్టిఫికెట్టు లోపలికి రానిస్తుంది గానీ, ట్యాంకు యజమాని తొందరపెట్టినప్పుడు ఈ పలక స్కాన్ కాలేదు అని రాయడానికి నిలబడే గుండె వాళ్ళే తెచ్చుకోవాలి. అలా రాసినవాణ్ణి ఇంకో పనికి పిలవరేమో అన్న భయం నిజమైనదే. యజమానులకు నా విన్నపం, అలా రాసినవాణ్ణే మళ్ళీ పిలవండి.

ట్యాంకు మూసే ముందు రెండు కాగితాలు అడిగి తీసుకోండి. ప్రతిసారీ రెఫరెన్స్ ప్లేటు మీద తీసిన రీడింగుల పట్టిక ఒకటి, స్కాన్ కాని చోట్ల పట్టిక ఒకటి. రెండోదాంట్లో ప్రతి వరస పక్కనా అల్ట్రాసోనిక్ కొలతో, వేరే పరీక్ష ఫలితమో రాసి ఉందో లేదో చూడండి. ఏ వరస పక్కన ఖాళీ కనబడినా మనిషిని మళ్ళీ లోపలికి పంపి చూపించాకే మ్యాన్‌హోల్ బోల్టులు బిగించండి. ఆ మూత మళ్ళీ తెరిచేది పదేళ్ళకో, ఇంకా తర్వాతో.